రెండు తక్కువ

మొగలిదిబ్బలో పందేనికి ఎదుటివాడు దొరకని రోజు ఒకటి వస్తుందని ఎవరూ అనుకోలేదు. వాన పడుతుందా లేదా అన్నదాని మీద కాస్తారు ఆ ఊళ్ళో. లాంచీ రేవుకి ఎన్నింటికి వస్తుందన్నదాని మీద కాస్తారు. పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్దావిడ ఏ పూట అలుగుతుందన్నదాని మీద కాసి, మేకను పోగొట్టుకున్నవాడు ఇంకా బతికే ఉన్నాడు. అలాంటి ఊళ్ళో, ఓట్లు వేసే రోజు పొద్దున్న, అబ్బులు కాఫీ హోటలు ముందు నలభై మంది నిలబడి ఒక్క అంకే చెబుతున్నారు.

"రెండొందల పదకొండు."

"ఎదురెవరు?" అని అడిగాడు అబ్బులు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో పందేలకి మధ్యస్థం అతనే. తను మాత్రం ఏనాడూ కాయడు, అందుకే నమ్మకం.

"ఎదురెవరుంటారండి? సుభద్రమ్మగారి చెవి చెప్పాక?"

"ఒరే, అందరూ ఒక పక్కే నిలబడితే దాన్ని పందెం అనరు, భజన అంటారు. ఎవడో ఒకడు రెండొందల ఐదు అనండ్రా. ఊరి పరువు పోతోంది."

"మీరనండి!"

నవ్వులు. గ్లాసుల చప్పుడు. ఎవరో బెంచీ జరిపారు.

అర మైలు దూరంలో తన ఇంట్లో ఒక్కతే కూర్చుని, చెవికి గొట్టం పెట్టుకుని సుభద్ర ఇదంతా వింటోంది. ఊళ్ళో ఎవరు ఎక్కడ నవ్వినా ఆమెకు వినిపిస్తుంది. ఆమె ఇంట్లో మాత్రం ఎనిమిది నెలలుగా నవ్విన చప్పుడు లేదు.

పార్టీవాళ్ళు ఆ ఏడు కొత్త పద్ధతి తెచ్చారు. ఎమ్మెల్యే అభ్యర్థిని పైనుంచి దింపకుండా, పార్టీ కార్డున్నవాళ్ళే ముందుగా ఓటేసి తేల్చుకోవాలి. అసలు ఎన్నిక ఆర్నెల్ల తరవాత. దీనికి ఊళ్ళో ఇంటి ఎన్నిక అని పేరు పెట్టుకున్నారు. పోటీ ఇద్దరి మధ్య. ఒకరు డాక్టరు భాస్కరం, ఇంకొకరు అంగన్‌వాడీ టీచరుగా మొదలుపెట్టి పైకొచ్చిన శేషారత్నం. ఏ ఊరి పెట్టె ఆ ఊళ్ళోనే విప్పి లెక్కపెడతారు. మొగలిదిబ్బలో భాస్కరం నెగ్గుతాడని కళ్ళు లేనివాడికీ తెలుసు. కాబట్టి గెలుపు మీద కాస్తే నామోషీ. మెజారిటీ మీద కాయాలి.

ఆ మెజారిటీ ఎంతో, ఓటింగు మొదలవకముందే, సుభద్ర చెప్పేసింది.

*

సుభద్ర చేపల చదువు చదివింది. పట్నంలో రొయ్యల ప్రయోగశాల మూతపడ్డాక ఊరికొచ్చి, వరండానే ప్రయోగశాల చేసుకుంది. భర్త త్రిమూర్తులు చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలకు మెకానిక్కు. ఆమె మొదట చేసిన చెవి రొయ్యల కోసమే. కొబ్బరికాయంత డబ్బా. నీళ్ళలోకి దింపితే రొయ్యలు మేత కొరికే టిక్కుటిక్కులు వింటుంది. ఆకలిగా ఉన్న రొయ్య ఎడం లేకుండా కొరుకుతుంది. కడుపు నిండినదీ కొరుకుతుంది, కానీ కొరుకుకీ కొరుకుకీ మధ్య ఒక గింజంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని కొలిస్తే చెరువు ఆకలి తెలిసిపోతుంది.

ఒకసారి చెవి నీళ్ళలోంచి తీసి గట్టు మీద పెట్టి, ఆపడం మరిచిపోయింది. ఆ గట్టు మీదే కాపలావాడు, "మేత ఏసేశానండమ్మా, నాలుగింటికే," అన్నాడు. వెయ్యలేదని బస్తా చూస్తేనే తెలుస్తోంది. సాయంత్రం ఆ చప్పుడు గీతల్లోకి మార్చి చూసుకుంటే, 'ఏసేశాను' అన్న మాటకు ముందు అదే గింజంత ఖాళీ కనిపించింది.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. మనసులో ఉన్న మాట నోటికి నేరుగా వస్తుంది. మనసులో లేనిది ఒక గుమ్మం దాటి రావాలి. మామూలు చెవికి ఆ గుమ్మం వినపడదు.

వినే యంత్రానికి నేర్పాలంటే నిజమని తెలిసిన మాటలూ, కాదని తెలిసిన మాటలూ వేలకొద్దీ కావాలి. ఎవరిస్తారు? ఇంట్లో మనిషి ఉన్నాడు. పైగా వాగుడుకాయ. త్రిమూర్తులు హోటల్లో నోరు విప్పితే లాంచీ ఎక్కాల్సినవాళ్ళు లాంచీ తప్పిపోయేవాళ్ళు.

"నా గొంతు తీసుకెళ్ళి ఆ డబ్బాకి పాఠాలు చెప్పిస్తావా? ఫీజెంతే?" అన్నాడు.

"పూటకో గ్లాసు కాఫీ."

"అది ఎలాగూ ఇస్తావుగా. సరే కానీ."

గోడ గూట్లో చెవి పెట్టింది. నిజమైతే పచ్చదీపం, కాకపోతే ఎర్రదీపం. అన్ని ప్రశ్నలూ అడిగేది తనే కనక, తన గొంతు అడ్డం రాకుండా దాన్ని లెక్కలోంచి తీసెయ్యమని యంత్రానికి చెప్పింది. అప్పుడు త్రిమూర్తులు పక్కనే కూర్చుని తీగలు చుడుతున్నాడు. "అంటే నువ్వెన్ని కోతలు కోసినా అది పట్టుకోదన్నమాట. బాగుందే వరస!" అని నవ్వాడు.

మొదట్లో అదొక ఆట.

"తిన్నారా?"

"తిన్నా." ఎర్రదీపం.

"ఏమండోయ్, తినలేదట!"

"సరే పెట్టు తల్లీ. కోటయ్య టీ ఇప్పించాడు, దాంతో ఆకలి చచ్చింది."

పులుసు బాగుందా అంటే బాగుందన్నాడు, ఎరుపు. మోకాలు నొప్పి తగ్గిందా అంటే తగ్గిందన్నాడు, ఎరుపు. ఆమె నవ్వుతూనే నోటుబుక్కులో టైము వేసి రాసుకునేది. ఆయన కూడా నవ్వేవాడు. కొన్నాళ్ళకి ఆయన, జవాబు చెప్పేముందు గూటి వైపు చూడ్డం మొదలుపెట్టాడు. అది ఆమె గమనించలేదు. దీపాన్ని చూసే మనిషికి, దీపాన్ని చూసే మనిషి కనపడడు.

పోయిన మాఘమాసంలో త్రిమూర్తులు అక్కగారు చూడ్డానికొచ్చింది. వచ్చినావిడ ఊరుకోకుండా, ఎవరి మనవడికో పుట్టువెంట్రుకలు తీయించారని చెప్పి, సుభద్ర వైపు చూసి నిట్టూర్చింది. త్రిమూర్తులు వెంటనే అందుకున్నాడు.

"మాకేం లోటే అక్కా? పిల్లలుంటే ఏంటి, లేకపోతే ఏంటి. నాకైతే ఏనాడూ ఆ ఊసే రాలేదు."

ఇరవై ఏడేళ్ళుగా అంటున్న మాటే. ఏడో నెలలో బిడ్డ పోయి ఆమె ఆసుపత్రి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నప్పుడు, మొదటిసారి అన్నాడు. ఆ మాట పట్టుకునే ఆమె లేచి కూర్చుంది. ఆ తరవాత ఎవరు ఎత్తిపొడిచినా ఆమె కన్నా ముందు ఆ మాట లేచి నిలబడేది.

గూట్లో ఎర్రదీపం వెలిగింది.

అక్కగారికి ఆ దీపమేంటో తెలియదు. తెలిసిన ఇద్దరూ చూశారు. త్రిమూర్తులు దీపం వైపు చూసి, ఆమె వైపు తిరిగాడు. ఆ క్షణాన సుభద్ర ఏం చేసినా సరిపోయేది. మీట నొక్కేస్తే సరిపోయేది. వంటింట్లోకి వెళ్ళిపోయినా సరిపోయేది. ఆమె చెయ్యి మాత్రం రెండేళ్ళ అలవాటు చొప్పున నోటుబుక్కు లాక్కుని రాసేసింది: పదకొండూ ఇరవై, ఎరుపు.

అది ఆయన చూశాడు.

ఆ రోజునించి త్రిమూర్తులు ఆమె దగ్గర మాట్లాడలేదు. ముందు తలూపేవాడు. తరవాత మోటారు చూసుకోవాలన్నట్టు సైగ చేసి, చెరువు గట్టు మీద పాకలో పడుకోవడం మొదలుపెట్టాడు. ఆమె చెవి తీసి పెట్టెలో దాచింది. అయినా రాలేదు. నెల తరవాత మళ్ళీ తీసి గూట్లో పెట్టింది. ఖాళీ గూడు చూడలేకపోయింది.

చెవి కబురు తెలిసి అబ్బులు వచ్చి, దాంతో ఇంటి ఎన్నిక మెజారిటీ ముందే చెప్పగలవా అని అడిగితే, సుభద్ర సరేనంది. డబ్బు ఆశ కాదు. తను చేసింది పిచ్చిపని కాదని ఎక్కడో ఒకచోట తేలాలి. ఇంత పోగొట్టుకున్నాక కనీసం అదైనా నిజం కావాలి. హోటల్లో, రేషను షాపులో, ఆడవాళ్ళు రొయ్యల తలలు తీసే షెడ్డులో, రేవులో చెవులు కట్టింది. పదిరోజులు జనం సిగ్గుపడ్డారు. తరవాత మరిచిపోయి, పోట్లాటల్లో ఒకరి పేరొకరు వంద సార్లు అన్నారు. పైకి భాస్కరం అనేవాడి మనసులో శేషారత్నం, శేషారత్నం అనేవాడి గొంతులో భాస్కరం, అన్నీ విడిపోయి కూర్చున్నాయి. కార్డులు పదకొండు వందల నలభై మూడు. భాస్కరానికి ఆరొందల పన్నెండు, శేషారత్నానికి నాలుగొందల ఒకటి. ఎక్కడా గొంతు వినపడని నూట ముప్పై మందినీ, మంచాన పడ్డవాళ్ళూ పొరుగూళ్ళకి పోయినవాళ్ళూ అనుకుని, ఓటుకి రానివాళ్ళ కింద వేసింది యంత్రం.

ఊరంతా చెవిని మరిచిపోయింది. మరిచిపోనిది ఒక్క త్రిమూర్తులే. ఆయన హోటలుకి కూడా రావడం మానేశాడు.

*

తొమ్మిదింటికి అబ్బులు గేటు తీసుకుని వచ్చాడు. చేతిలో మడత పెట్టిన కాగితం.

"ఎదురు దొరికాడు చెల్లెమ్మా."

"ఎవరన్నయ్యగారూ?"

"మా బావ."

ఆమె గుమ్మం పట్టుకుంది.

"మొన్ననే ఇచ్చాడు. నువ్వు అంకె చెప్పకముందే. ఎవడూ ఎదురు కాయకపోతేనే తియ్యమన్నాడు. నోటితో చెప్పలేదు సుమా, ఇదిగో, వెనకాల రాసిచ్చాడు."

చక్రాల రిపేరు బిల్లు వెనక, నూనె మరకల మధ్య, త్రిమూర్తులు దస్తూరి. సుభద్ర ఎంత చెబితే దానికి రెండు తక్కువ. నేను గెలిస్తే చెవులన్నీ చెరువులో పారెయ్యాలి. ఓడితే వచ్చి దాని ముందు కూర్చుంటాను. ఏం కావాలంటే అది అడగొచ్చు. ఎంతసేపైనా.

"అంటే రెండొందల తొమ్మిది," అన్నాడు అబ్బులు. "పదో ఇరవయ్యో తక్కువంటే సరే. రెండేంటమ్మా? నాకేం బోధపడలేదు. కాస్తావా, వద్దంటావా?"

ఎనిమిది నెలలుగా ఆమె దగ్గర ఒకే ప్రశ్న ఉంది. ఆ ఊసే రాలేదన్న మాట ఆ రోజొక్కటే అబద్ధమా, ఇరవై ఏడేళ్ళూ అబద్ధమేనా? ఆ రోజొక్కటే అయితే ఎలాగో బతకొచ్చు. ఏ విసుగులోనో వచ్చిందనుకోవచ్చు. కాకపోతే, ఆసుపత్రి మంచం మీంచి తను దేన్ని పట్టుకుని లేచినట్టు?

"కాస్తానన్నయ్యగారూ," అంది.

"ఆలోచించుకో."

"నా చెవి తప్పదు."

"అదే కదా నా బాధ," అని అబ్బులు కాగితం జేబులో పెట్టుకున్నాడు. "మెడ వంచి కూర్చోబెడతావా ఆ మనిషిని దాని ముందు? ఎలాంటి మనిషమ్మా! నా హోటల్లో సగం బేరం ఆయన నోటి మీద నడిచేది. ఇప్పుడు జనం కాఫీ తాగి పోతున్నారు, కూర్చోవట్లేదు."

అతను గేటు వేసి వెళ్ళిపోయాడు.

పదకొండింటికి ఓటెయ్యడానికి బడికి వెళ్ళింది. ఆడవాళ్ళ వరస కదిలేసరికి మగవాళ్ళ వరసలో త్రిమూర్తులు కనిపించాడు. జుట్టు పెరిగింది. చొక్కా గుండీ ఒకటి లేదు. ముందున్నవాడు, "ఏటి త్రిమూర్తులుగారూ, రెండొందల తొమ్మిదంట? రొయ్యలు చెప్పాయా?" అని ఆట పట్టించాడు. ఆయన చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. ఒకప్పుడైతే దానికి పది జవాబులు వచ్చేవి, పదకొండోది విని ముందున్నవాడు పారిపోయేవాడు.

ఆయన ఆమెను చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. లోపలికి వెళ్ళి, ఎవరికీ చెప్పని పేరు మీద ముద్ర వేసి వచ్చింది.

*

మూడింటికి పెట్టె విప్పారు. బడి వరండాలో సుభద్ర స్తంభానికి ఆనుకుని నిలబడింది. లోపల కట్టలు కడుతున్నారు. కిటికీలు పట్టుకుని ఊరు వేలాడుతోంది.

"భాస్కరం, ఆరొందల పన్నెండు!"

"అబ్బో! సరిగ్గా చెప్పిందిరా ఆవిడ! అంకె కూడా తప్పలేదు!"

నలుగురు వెనక్కి తిరిగి ఆమెకు దణ్ణం పెట్టారు. శేషారత్నం కట్ట చిన్నది, త్వరగానే అయింది.

"శేషారత్నం, నాలుగొందల మూడు."

ఎవరో వేళ్ళ మీద లెక్కపెట్టారు. తరవాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

"రెండొందల తొమ్మిది! ఓరి నాయనోయ్, రెండొందల తొమ్మిది!"

"మళ్ళీ లెక్కపెట్టండి!"

మళ్ళీ లెక్కపెట్టారు. అంతే వచ్చింది.

సుభద్ర ఇంటికి పరిగెత్తినట్టే నడిచింది. ఆరొందల పన్నెండూ అక్షరాలా వచ్చి, ఇక్కడ రెండు ఎలా పెరిగాయి? కాగితాలన్నీ నేల మీద పరిచింది. తన లెక్కలో ఉన్న వెయ్యీ పదమూడు మందినీ పోలింగు ఏజెంట్ల జాబితాతో సరిచూసింది. ప్రతి ఒక్కరూ వచ్చారు. అయితే తేడా రానివాళ్ళ కింద వేసిన నూట ముప్పైలో ఉండాలి. ఆ జాబితా ఆమె ఏనాడూ విప్పి చూడలేదు. రానివాళ్ళని చూసేదేముంది?

వేలు పెట్టుకుంటూ చదివింది. దుబాయి వెళ్ళినవాళ్ళు. పక్షవాతంతో ఉన్న పూజారిగారు. కాన్పుకి పుట్టింటికి పోయినవాళ్ళు. వరస సంఖ్య ఏడొందల పద్నాలుగు, త్రిమూర్తులు. ఏడొందల పదిహేను, సుభద్ర.

ఆయన ఎనిమిది నెలలుగా ఎక్కడా నోరు విప్పలేదు. ఆమె గొంతును ఆమే లెక్కలోంచి తీసేసింది. ఊరందరి మనసూ తూచింది, ఆ ఇంట్లో ఇద్దరిని తప్ప.

వాకిట్లో అబ్బులు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"ఇప్పుడు బోధపడిందమ్మా నాకు. నీ చెవి తప్పు చెబుతుందని కాయలేదు మా బావ. మిగతాదంతా అక్షరం పొల్లుపోదని నమ్మి కాశాడు. ఊళ్ళో అందర్లోకీ ఎక్కువ నమ్మింది ఆయనే." గుమ్మం దాకా వచ్చి అడిగాడు. "ఆయన ఓటు ఆయనకి తెలుసు, సరే. నీ ఓటు ఎలా తెలిసింది? చెప్పావా ఆయనకి?"

"ఎవరికీ చెప్పలేదన్నయ్యగారూ."

ఆసుపత్రిలో మూడు రోజులు, అప్పుడు అంగన్‌వాడీ టీచరుగా ఉన్న శేషారత్నం ఆమె మంచం పక్కన నేల మీద పడుకుంది. దుప్పటి కూడా లేకుండా. ఆ తరవాత ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. ఏ ఊసూ రాలేదన్న మనిషి, అవన్నీ ఎక్కడ పెట్టుకున్నాడో?

*

పొద్దు వాలకముందే ఊళ్ళో చెవులన్నీ విప్పుకొచ్చింది. గూట్లోదీ తీసింది. నోటుబుక్కు కూడా. చెరువు గట్టు మీద పాక తలుపు వేసి ఉంది, లోపల ఉన్నాడో లేడో తెలియదు. ఒక్కొక్కటే నీళ్ళలోకి విసిరింది. ఆఖరిది మునిగే ముందు దాని పచ్చదీపం ఒకసారి వెలిగి ఆరిపోయింది. నీళ్ళు తగిలి అయ్యుంటుంది. ఇంటికొచ్చి, పొద్దుట్నించీ పొయ్యి వెలిగించలేదని గుర్తొచ్చి, అన్నం వండి చేపల పులుసు పెట్టింది.

కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడయింది. ఆ చప్పుడు ఆమెకి తెలుసు. ఎడం కాలు ముందు, కుడి కాలు తరవాత.

త్రిమూర్తులు లోపలికొచ్చి, గూటి వైపు చూశాడు. చెవి ఉన్నచోట సున్నం గుండ్రంగా తెల్లగా ఉంది.

"సుభద్రా," అన్నాడు.

గొంతు బొంగురుపోయింది. ఎనిమిది నెలలు వాడని గొంతు. ఆమెకు ఏడుపొచ్చింది. అడగాల్సిన ప్రశ్న అడగక్కర్లేదు అనుకుంది. ఇంక ఏ ప్రశ్నా అక్కర్లేదు. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంటే చాలు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, నోటికి ఇన్నేళ్ళుగా అలవాటైనదే వచ్చింది.

"తిన్నారా?"

"తిన్నా," అన్నాడు. "వచ్చే దారిలో అబ్బులు పెట్టాడు."

ఆ మాటకు ముందు గింజంత ఖాళీ ఉంది.

ఆమెకు వినపడింది. గూట్లో ఏమీ లేదు, అయినా వినపడింది. వేల మాటలు వినీ వినీ, గీతలు చూసీ చూసీ, యంత్రానికి నేర్పిందంతా తనూ నేర్చుకుంది. చెరువులో పారెయ్యడానికి వీల్లేని చోట ఉంది ఇది.

తినలేదు కదూ అని ఒక్క మాట అంటే చాలు, ఆయన మళ్ళీ దీపం కోసం చూస్తాడు. ఈసారి గూట్లో కాదు, ఆమె కళ్ళల్లోకి చూస్తాడు. చూసి తెలుసుకుంటాడు. ఆ తరవాత పాకే గతి. వెనకటి సుభద్ర అయితే ఏమీ అడక్కుండానే కంచం పెట్టి ఉండేది.

"సరేనండి," అంది.

"నువ్వో?"

"నేనూ తిన్నాను."

ఆయన తలూపాడు. అరుగు మీద కూర్చుని, చొక్కాకి లేని గుండీ దగ్గర వేలు పెట్టి తడుముకుంటూ, చెరువు కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె గుమ్మంలో కూర్చుని ఊఁ కొడుతోంది. ఒక్కొక్క మాటకీ ముందు వినకూడదని గట్టిగా ప్రయత్నిస్తోంది. వంటింట్లో అన్నం మీద మూత అలాగే ఉంది. ఇద్దరి ఆకలీ ఆమెకి వినపడుతోంది.